మేడిపల్లి దాకా చెప్పు

ఆపా చనిపోయిందన్న సంగతి నాకు కండక్టర్ చెప్పాడు.

సాయంత్రం జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కి, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. సీటు దొరుకుతుందన్న ఆశ వదులుకుని చాలా కాలమైంది. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి నా చేతిలో పెడుతూ, "మీ జువాలజీ మేడం పోయిందట గద మేడం, గింతకుముందే" అన్నాడు. అని పక్కామె దగ్గరికి జరిగాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? బస్సు నిండా చేతులు, చేతుల నిండా కార్డులు. ఫోన్ తీసి చూస్తే కాలేజీ వాట్సాప్ గ్రూపులో అప్పటికే జోడించిన చేతుల బొమ్మలు వరసగా పడి ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. కూర్చుందామంటే చోటు లేదు.

ఆమె మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేది. నేను కామర్స్ చెబుతాను. ఇద్దరిదీ కోరుట్లే, ఇద్దరం పొద్దున అదే బస్సులో జగిత్యాల వచ్చి సాయంత్రం అదే బస్సులో తిరిగి పోయేవాళ్లం. నేను ఆమెను ఆపా అనేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది. కోపం వస్తే మేడం అనేది. నెలకు నాలుగైదుసార్లన్నా నేను మేడమయ్యేదాన్ని.

ప్రతి ఏడాదీ మొదట్లో స్టాఫ్ మీటింగ్ పెట్టి, ఏ కమిటీ ఎవరి మెడకు చుట్టాలో తేల్చేస్తారు. పాఠం చెప్పడం కాక పైన పడే పనులివి. ర్యాగింగ్ మీద ఒకటి, ఆడపిల్లల కోసం ఒకటి, ఉద్యోగాల కోసం ఒకటి, మొక్కల కోసం ఒకటి. ఉద్యోగాలది నాకు పడింది. కాంట్రాక్టు మీద బతుకుతున్న నేను పిల్లలకు ఉద్యోగాలు చూపించాలట! విద్యార్థి సహాయ కేంద్రం ఆపాకు పడింది. మిగతా అందరం ఏవో సాకులు చెబుతూ ఉంటే ఆమె తలొంచుకుని రికార్డులు దిద్దుకుంటోంది. కాదనలేదు కదా అని ఆమె పేరు రాసేశారు.

ఆ కేంద్రానికి ఒక గది కూడా ఇచ్చారు. పైనుంచి కమిటీ వస్తుందంటే ఆదరాబాదరాగా బోర్డు రాయించారు, సోఫా వేయించారు, గోడకు నవ్వుతున్న పిల్లల ఫొటో అంటించారు, తలుపుకు పెద్ద అద్దం పెట్టించారు. ఆ గది ప్రిన్సిపాల్ గదికి ఆనుకుని, ఆఫీసు కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. స్కాలర్‌షిప్పులని, బస్ పాసులని, టీసీలని కాలేజీలో సగం మంది ఎప్పుడూ ఆ కిటికీ ముందే వరసగా నిలబడి ఉంటారు. కష్టం చెప్పుకోవాలనుకున్న పిల్ల ఆ వరస ముందు నుంచి నడిచి, ఆ అద్దం తలుపు తోసుకుని వెళ్లి, అందరికీ కనబడేలా ఆ సోఫాలో కూర్చుని ఏడవాలి. ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. కమిటీ వచ్చింది, ఫొటోలు తీసుకుంది, బాగుందని రాసుకుని వెళ్లింది. వారం తిరక్కుండా సోఫా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లిపోయింది. దాని చోటులోకి విరిగిన బెంచీలు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. ఆపాకు మండలేదు. ఆ సోఫాలో కూర్చుంటే తనకు నిద్ర వస్తోందని, పీడా పోయిందని అన్నది.

ఆమె కేంద్రం బస్సులో ఉండేది.

ఎలా మొదలైందో నాకు తెలియదు. ఆ గదీ బోర్డూ రాకముందే, నేను చేరేసరికే ఉంది. సాయంత్రం బస్సు ప్లాట్‌ఫారం మీదికి మలుపు తిరుగుతుండగానే ఆపా కిటికీలోంచి రుమాలు విసిరేది. డ్రైవర్ వైపు మూడో సీటు. ఒక రుమాలు తనకు, ఒకటి పక్కన కూర్చునే పిల్లకు. బుర్ఖా సర్దుకుంటూ నింపాదిగా ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, సంచీ మీద ఎవరిదో రికార్డు పెట్టుకుని, ఎర్ర పెన్ను మూత తీసేది. పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చునేది. బస్సు కదిలేది. నేను వెనక సీట్లో కళ్లు మూసుకునేదాన్ని. పొద్దంతా నిలబడి చెప్పి చెప్పి గొంతు ఆరిపోయి, నాకు ఎవరి ముచ్చటా వినే ఓపిక ఉండేది కాదు.

బస్సులో ఎందుకు, ఇంత చప్పుడులో ఏం వినబడుతుంది అని ఒకసారి అడిగాను. ఆపా పుట్టిల్లు సిరిసిల్ల. ఇంట్లోనే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఉండేవి. పొద్దున లేస్తే రాత్రి పండుకునేదాకా మగ్గాల మోత. ఆ మోతలో ఏదన్నా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి, చెప్పింది ఆ చెవికి తప్ప పక్క మనిషికి కూడా చేరదు. తన అక్క తన కష్టమంతా అమ్మతో అట్లాగే చెప్పుకున్నదట, నాయిన రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే. "సప్పుడు లేని కాడ గోడలు గుడ ఇంటయి చెల్లె. సప్పుడున్న కాడ మనిషే ఇంటది" అన్నది.

ఇంకో సంగతి, ఆమె పిల్లల ముఖం చూసేది కాదు. కళ్లు రికార్డు మీదే. కప్ప గుండె బొమ్మకు పేర్లు సరిగ్గా పెట్టారా, వానపాము కడుపు కొలతలు కుదిరాయా అని చూస్తూ, "ఊ... ఊ..." అంటూ ఉండేది. ముఖం చూస్తే పిల్ల మాట మింగేస్తుందని ఆమె నమ్మకం. రోడ్డు గుంతల్లో పెన్ను జారి, ఆమె పెట్టిన టిక్కులన్నీ వంకరటింకరగా ఉండేవి. పరీక్షకు వచ్చిన బయటి ఎగ్జామినర్ ఒకాయన, ఈ మేడంకు చేతులు వణికే జబ్బేమన్నా ఉందా అని నన్నడిగాడు. ఉంది సార్, చాలా కాలంగా ఉంది అని చెప్పాను. ఆ సంగతి చెబితే ఆపా బస్సులో పగలబడి నవ్వింది.

కొన్నాళ్లకు ఆ సీటుకూ పేరు పడింది. అక్కడ కూర్చున్న పిల్లకు ఏదో ఉందని అందరూ అనుకోవడం మొదలైంది. అంటే అద్దం తలుపు బస్సులోకి వచ్చిందన్నమాట. అప్పుడు ఆపా ఏం చేసిందో చూసి నేను ఆశ్చర్యపోయాను. ఏ కష్టమూ లేని పిల్లలను పిలిచి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. క్లాసులో మొదటి మార్కులు తెచ్చుకునే పిల్ల, పెళ్లికి మెహందీ పెట్టే పిల్ల, ఊరికే నవ్వే పిల్ల, ఎవరైనా సరే. వాళ్లతో చేపల కూర ఎట్లా వండాలి, చున్నీకి ఏ రంగు నప్పుతుంది అని మాట్లాడేది. సంబంధం లేని ముచ్చట్లతో రోజులు గడిపేది. పదిమంది అట్లా కూర్చున్నాక పదకొండో పిల్ల తన బాధ పట్టుకుని వచ్చి కూర్చున్నా ఎవరూ తలతిప్పి చూసేవాళ్లు కాదు. ఇంత తతంగం అవసరమా అని నేనంటే, చెల్లె కాస్తా మేడం అయిపోయేది.

పిల్ల ఏడిస్తే సంచీలోంచి లవంగం తీసి చేతిలో పెట్టేది. నమలమనేది. లవంగం నములుతూ ఏడవడం కష్టం, కావాలంటే మీరూ చూడండి. ఇక పిల్ల గుక్క తిప్పుకోకుండా అంతా ఒక్కసారే చెప్పేయబోతే ఆపేది.

"మొత్తం జెప్పకు బిడ్డా. మేడిపల్లి దాక చెప్పు. మిగిలింది రేపు జెప్దువు."

మేడిపల్లి జగిత్యాలకూ కోరుట్లకూ మధ్యలో వస్తుంది. అక్కడ బస్సు ఆగగానే ఆపా నిజంగానే మాట మార్చేసేది. మొదట్లో నాకిది కఠినంగా తోచింది. తర్వాత అర్థమైంది. మిగిలింది చెప్పాలంటే ఆ పిల్ల మర్నాడు కాలేజీకి రావాలి. ఊరికే ఓదార్చి పంపిస్తే రాకపోవచ్చు. చెప్పాల్సింది సగం ఉంటే వస్తుంది.

ఆమె అందరినీ గట్టెక్కించిందని రాస్తే అబద్ధమవుతుంది. ఎవరికో హాస్టల్లో చోటు ఇప్పించింది, ఎవరినో పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోయింది, ఎవరి అమ్మతోనో గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడింది. కొందరు ఏదీ దక్కకుండానే కాలేజీ మానేసి పోయారు. అట్లా ఒక పిల్ల పోయిన రోజు ఆపా నామీద కారణం లేకుండా అరిచేది. ఇది నా వల్ల కాదు, ఈ పని ఇంకెవరికన్నా ఇవ్వమని రేపే ప్రిన్సిపాల్‌కు చెబుతాను అనేది. కోరుట్లలో దిగి, చెప్పులు ఈడ్చుకుంటూ ఇంటికి పోయేది. మర్నాడు సాయంత్రం మళ్లీ రుమాలు విసిరేది.

తర్వాత ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది.

దాన్ని నేను తప్పు పట్టను. బీడీలు చుట్టే తల్లులు బస్ పాసు డబ్బుల కోసం వెతుక్కోకుండా పిల్లలను పంపిస్తున్నారు. మల్లాపూర్ నుంచి, బుగ్గారం నుంచి, ఎప్పుడూ కాలేజీ మొహం చూడని ఇళ్ల నుంచి ఆడపిల్లలు వచ్చారు. ఆపా కూడా మంచిదే కదా అన్నది. కానీ సీటు పోయింది. ఆమె రుమాలు విసిరేసరికే లోపల నలుగురు కూర్చుని ఉండేవాళ్లు. ఒక పెద్దామె రుమాలును శుభ్రంగా మడత పెట్టి ఆపా చేతికి తిరిగిచ్చి, "రుమాలుకు గుడ ఆధార్ కార్డున్నదా బిడ్డా?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. ఆపా కూడా నవ్వింది. ఆ రోజు నుంచి చాలాసార్లు ఇద్దరం నిలబడే పోయేవాళ్లం. రికార్డు దిద్దడానికి చేతులు ఖాళీ ఉండేవి కాదు. పిల్లలు వచ్చి, అటూ ఇటూ చూసి, ఏం లేదు మేడం అని వెనక్కి జరిగిపోయేవాళ్లు.

కథలాపూర్ వైపు నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉండేది. లైఫ్ సైన్సెస్ చివరి సంవత్సరం. వాళ్ల నాయిన సౌదీలో, అమ్మ ఊళ్లో. కోరుట్లలో దిగి ఇంకో బస్సు పట్టుకుని ఇంటికి పోయేది. రెండు మూడు రోజులుగా ఆపా చుట్టూ తిరుగుతోందని నేను గమనించాను. సీటు దొరకడం లేదు. ఒక రోజు ఆ తోపులాటలోనే ఆపా ఆమె చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆపాకూ నాకూ మధ్య ఆ పిల్ల ఇరుక్కుంది. ఆమె నోరు ఆపా చెవి దగ్గర ఉంది. నా చెవి అక్కడికి జానెడు దూరం. వినకూడదనే అనుకున్నాను, కానీ చెవులు మూసుకోవడానికి చేతులు రెండూ కడ్డీకే ఉన్నాయి.

వాళ్ల క్లాసులోనే మల్లాపూర్ పోరడు ఒకడు. కొన్నాళ్లు స్నేహంగా ఉన్నారు. ఆ రోజుల్లో నమ్మి ఈ పిల్ల తన ఫొటోలు వాడి ఫోన్‌కు పంపింది. తర్వాత వాడితో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు వాడు, మాట్లాడకపోతే ఆ ఫొటోలు సౌదీలో ఉన్న మీ నాయినకు పంపుతా అంటున్నాడు. నాయిన నంబరు కూడా చదివి వినిపించాడట. అవి చూస్తే నాయిన ఆ రోజే చదువు బంద్ చేయిస్తాడు. ఇంకొక్క సెమిస్టర్ ఉంది. డిగ్రీ చేతికొస్తే ల్యాబ్‌లో పని దొరుకుతుందని, తన కాళ్ల మీద తాను నిలబడతానని ఆ పిల్ల ఆశ. ఫిర్యాదు రాసిస్తావా, రాసిస్తే రేపే కమిటీ ముందు పెడతాను, పోలీసుల దగ్గరికి పోదామన్నా నేను వస్తాను అన్నది ఆపా. ఏది చేసినా ఇంటికి కబురు పోతుందా అని పిల్ల అడిగింది. పోవచ్చు అని ఆపా దాచకుండా చెప్పింది. వద్దే వద్దన్నది పిల్ల. మేడిపల్లి వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, ఆ తోపులో పిల్ల వెనక్కి కొట్టుకుపోయింది. "రోజు బస్సుకు రా బిడ్డా. నేను జూస్త" అని ఆపా గట్టిగా అన్నది.

మర్నాడు ఆపా చివరి పీరియడ్ నాకప్పజెప్పి ముందే బస్టాండుకు పోయింది. నేను పోయేసరికి మూడో సీట్లో కూర్చుని, పక్కన సంచీ పెట్టి, ఎవరొచ్చినా కూర్చోనివ్వకుండా తగాదా పడుతోంది. కథలాపూర్ పిల్ల ఎక్కింది. సంచీ చూసింది. తనకోసమే అనుకుని ముందుకు వచ్చింది. ఆపా ఆమె భుజం మీదుగా వెనక తలుపు వైపు చూసి, ఆ మల్లాపూర్ పోరడిని పేరు పెట్టి పిలిచింది.

"ఇటు రా బేటా. ఇక్కడ కూసో."

బస్సులో ఆడవాళ్లంతా వెనక్కి తిరిగారు. పోరడికి రాక తప్పలేదు. సీటు చివర ఒంటి తొడ మీద కూర్చున్నాడు. అటు పక్కనే కడ్డీ పట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంది. ఆపా రికార్డు తియ్యమన్నది. లేదన్నాడు. రేపు తెమ్మన్నది. కోరుట్ల దాకా ఇంకొక్క మాట మాట్లాడలేదు. మర్నాడు మళ్లీ పిలిచింది. రికార్డు తెచ్చాడు. ఆ మర్నాడు వాళ్లమ్మ ఏం చేస్తుందని అడిగింది. బీడీలు చేస్తుందన్నాడు. నీ ఫొటో ఎవరన్నా మీ అమ్మకు చూపిస్తానని బెదిరిస్తే నువ్వు అన్నం తినగలవా అని అడిగింది. వాడి చెవులు ఎర్రబడటం నాకు వెనక నుంచి కనిపించింది. అప్పుడు ఫోన్ తీయమన్నది. తను ఆ ఫొటోలు చూడనని, అతడే తీసెయ్యాలని చెప్పి, ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. మేడిపల్లి దాటేదాకా ఇటు తిరగలేదు.

ఆ మధ్యలో ఆడవాళ్ల గొడవ వేరే. ముసలివాళ్లు నిలబడి ఉంటే మగపోరడికి ఆడవాళ్ల సీటేందని రోజూ తిట్లు. కండక్టర్ కూడా వచ్చి అడిగాడు. వీడు నా స్టూడెంటు, పరీక్షలున్నాయి, చదివిస్తున్నాను అని ఆపా బుకాయించేది.

కోరుట్లలో దిగాక నేనే ఉండబట్టలేక అడిగాను. ఫోన్లో తీసేస్తే పోతాయా, ఇంకెక్కడన్నా దాచుకుని ఉంటే ఏం చేస్తావని.

"దాసుకోని ఉండొచ్చు చెల్లె. గందుకే రోజు నా పక్కన కూసోవెట్టుకుంట. నా పక్కన కూసుండి లేసినోడు గంత తొందర్గ గా పని చెయ్యలేడు. పిల్ల పరీక్షలు అయ్యేదాక గిట్లనే."

అన్నంత పనీ చేసింది. పరీక్షలు అయ్యేదాకా వాడికి రోజూ ఆ సీటే. బండి మీద పోతానంటే వద్దన్నది. ఒకటి రెండుసార్లు వాడు తప్పించుకోబోతే క్లాసులో అందరి ముందూ, సాయంత్రం బస్సుకు రికార్డు తీసుకురా అని చెప్పింది. వాడు మెల్లగా మారాడని నేను అనుకుంటున్నాను. చివర్లో వాడే ఆపా సంచీ మోసుకుని ఎక్కేవాడు. ఫొటోలు ఎక్కడికీ పోలేదు. కథలాపూర్ పిల్ల పరీక్షలన్నీ రాసింది, పాసయింది, జగిత్యాలలో ఒక ల్యాబ్‌లో చేరింది. నాకు తెలిసి ఆపా గెలిచిన వాటిలో ఇది పెద్దది.

ఆ తర్వాత ఆపాకు షుగర్ ముదిరింది. కిడ్నీల మీదికి వచ్చింది. ముందే రిటైర్‌మెంట్ తీసుకుంది. సహాయ కేంద్రం నాకు పడింది. ఇప్పుడు ఆ గది తలుపు మీద ఫోన్‌తో స్కాన్ చేసే గళ్ల బొమ్మ అతికించారు. కష్టం ఉన్నవాళ్లు స్కాన్ చేసి రాసుకోవాలి. ఇప్పటిదాకా వచ్చిన ఫిర్యాదులన్నీ మంచినీళ్ల కూలర్ గురించే. నాకు బస్సులో పిల్లల ముచ్చట్లు వినే ఓపిక లేదు. నేను ఆపాను కాను.

చనిపోయిన మర్నాడు పొద్దున కోరుట్లలో వాళ్లింటికి పోయాను. వాకిట్లో షామియానా కింద మగవాళ్లు కూర్చున్నారు. మల్లాపూర్ పోరడు అక్కడ కుర్చీలు వేస్తున్నాడు. ఇప్పుడు ఎరువుల దుకాణంలో పని చేస్తున్నాడట. నన్ను చూసి తల వంచి నమస్కారం పెట్టాడు. లోపల ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. కాసేపటికి ఆ కథలాపూర్ పిల్ల వచ్చింది. వాకిట్లో ఎవరున్నారో చూసే ఉంటుంది, ముఖం నల్లబడి ఉంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడం, ఒక్క మాట అడుగుత. మన మేడంకు నామీద అసయ్యం పుట్టిందా?" అన్నది.

నాకు అర్థం కాలేదు. దేనికని అడిగాను.

"ఫొటోలు పంపింది నేనే గద. గది చెప్పిన తెల్లారి నుంచి మేడం నా మొకం సూడలే. వాన్ని పక్కన కూసోవెట్టుకున్నరు, నేను పక్కనే నిలవడ్డ. పరీక్షలు అయినంక గుడ పలకరియ్యలే. నాదే తప్పనుకున్నరు, గందుకే వాన్ని దగ్గరికి తీసిండ్రు అనుకున్న. ఇన్ని దినాలు గదే అనుకున్న మేడం."

ఆపా ఆ పిల్లను ఎందుకు చూడలేదో నాకు తెలుసు. వాడిని పిలిచిన బస్సులోనే ఆమెతో కూడా మాట్లాడితే జనం రెండూ రెండూ కలిపి చూస్తారని, ఆ పిల్ల పేరు బయట పడుతుందని ఆపా భయం. రికార్డు తెరిచే ముందు రోజూ నన్నడిగేది, పిల్ల ఎక్కిందా అని. ఎక్కింది ఆపా అని నేను చెప్తేనే పెన్ను మూత తీసేది. ఒక రోజు పిల్ల రాకపోతే, హాల్ టికెట్ వంక పెట్టి వాళ్లింటికి నాతో ఫోన్ చేయించింది. జ్వరమని తెలిశాకే మంచినీళ్లు తాగింది. ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. గొంతు తగ్గించి, చెవి దగ్గరికి వంగి చెప్పాను.

పిల్ల విన్నది. హాల్ టికెట్ గురించి ఫోన్ వచ్చిన రోజు తనకూ గుర్తున్నదన్నది. కళ్లల్లో నీళ్లు నిండాయి గానీ ముఖం మెత్తబడలేదు.

"గా ముచ్చట మిమ్ముల అడిగే బదులు నన్ను అడిగితే ఏంబోవు మేడం? బస్సుల గాకపోతే ల్యాబుల. ఎక్కినవా బిడ్డా అని ఒక్కసారి."

ఆపా ఉంటే ఏం చెప్పేదో తెలియదు. ఆపా అంటే నాకు ప్రాణం, అయినా ఈ పిల్ల అన్నది తప్పనలేను. ల్యాబ్‌కు టైమవుతోందని పిల్ల లేచింది. నేనూ లేచాను. వాకిట్లో ఆ పోరడు కుర్చీ జరిపి దారి ఇచ్చాడు. పిల్ల వాడివైపు చూడలేదు. బస్టాండు వైపు ఇద్దరం నడిచాము. ఏదో ఒకటి అనాలి కదా అనిపించి, ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగాను.

పిల్ల నడవడం ఆపేసి నా వైపు చూసింది.

"లేదు మేడం," అన్నది. "ఇంతదనుక ఎవ్వలడగలే."